ఒడ్డున నిలిచినవాని ధర్మము

శ్రమను పూజగా ఎంచు ఇంట విశ్రాంతికి చోటు గలదా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించును. కూర్చుండి తిన్నచో కొండలైనను కరగునని పెద్దలు పిల్లలకు చెప్పని ఇల్లు తెలుగునాట లేదు. కాయకమునందే కైలాసమును చూడవలెనని కల్యాణమందలి శరణులు బోధించిరి. అట్టి బోధను నిత్యము వినుచు పెరిగినవాడు, పనిలేని ఒక ఉదయమున సముద్రపుటొడ్డున ఇసుకలో ఊరక కూర్చున్నచో, అతని మనస్సులో ఒక మూలనుండి సన్నని గొంతు పలుకును: "ఇది తప్పు కాదా?" ఆ గొంతు మాట నిజమా, కేవలము అలవాటా అని విచారింపవలసియున్నది.

విచారణకు ఒక చోటు, ఒక కాలము, కొందరు మనుష్యులు కావలెను. చోటు బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున గల సూర్యలంక. కాలము మే నెల. మనుష్యులు నల్లరేగడి నేలలో మిరపయు ప్రత్తియు పండించుకొను ఒక లింగధారుల కుటుంబము: తాత, అతని భార్య, కొడుకు, కోడలు, పదకొండేండ్ల మనుమడు. ఇట్టి కుటుంబములు గుంటూరు, ప్రకాశం మైదానములలో ఎన్నియో గలవు. ఇది వారిలో ఏ ఒక్కరి కథయు కాదు, ఉదాహరణమునకై ఊహింపబడినది. అయినను చదువువారిలో పెక్కురు ఇందు తమ ఇంటివారిని గుర్తింపవచ్చును.

విరామ కాలము

ఈ మైదానముల రైతుకు ఏడాదిలో తీరిక అరుదు. తొలకరితో ప్రత్తి గింజ నేలలో పడును. శ్రావణ భాద్రపదములలో మిరప నారు నాటుదురు. ప్రత్తి తీత ముగియకముందే మిరప కోత ఆరంభమగును. జనవరి మొదలు ఏప్రిల్ వరకు కల్లములన్నియు ఎర్రబారియుండును. కోతకు ఊరి కూలీలు చాలక కర్నూలు పశ్చిమ ప్రాంతమునుండి కుటుంబములకు కుటుంబములే తరలివచ్చి, చేలగట్ల గుడారములలో కాపురముండి, కాయ కోసి పోవుదురు. ఎండిన కాయ టిక్కీలకెక్కి గుంటూరు యార్డు చేరును. ఎండలు ముదిరిన పిమ్మట యార్డుకును వేసవి సెలవులు ప్రకటింతురు. సుమారు ఒక నెల అక్కడ కాటా కదలదు. అప్పుడు చేనులో పైరు లేదు, కల్లములో కాయ లేదు. నేల నెర్రెలు విచ్చి వాన కొరకు ఎదురుచూచుచుండును. రైతుకు సముద్రము గుర్తుకు వచ్చునది అప్పుడే.

కార్తిక మాసమునందును మాఘపూర్ణిమనాడును సూర్యలంకకు, ఓడరేవుకు వేలకొలది జనులు సముద్రస్నానమునకు వత్తురు. వారు పుణ్యమునకై వచ్చితిమని చెప్పుకొనగలరు. లింగధారికి ఆ సాకు కూడ లేదు. నీట మునిగినంత మాత్రమున మనిషి శుద్ధుడగునన్న మాటను శరణులు అంగీకరింపలేదు. కనుక మే నెలలో అతడు సముద్రమునకు వచ్చుట పుణ్యమునకు కాదు, వ్యాపారమునకు కాదు, చుట్టరికమునకు కాదు, ఊరక. ఈ "ఊరక" అను మాటయే అతని మనస్సును గుచ్చునది.

తెల్లవారుజామున తాత మనుమని వెంటబెట్టుకొని బయలుదేరెను. సరుగుడు తోటల నడుమ బాట సాగుచున్నంతసేపు సముద్రము కనబడదు. దాని హోరు మాత్రము వినబడును. తోట దాటగనే ఎదుట నీరు తప్ప మరేమియు లేదు. సూర్యుడు నీటిలోనుండియే లేచును. మనుమడు పీతల బొరియలను లెక్కించుచు పరుగెత్తుచుండ, తాత తడి ఇసుకలో చెప్పులు విడిచి నడచెను. నాలుగు నెలలుగా కల్లపు ఘాటుతో మండిన కండ్లకు ఆ గాలి హాయి గొలిపెను. అర గడియ గడచునప్పటికి ఆ సన్నని గొంతు లేచెను: పురుగుమందుల దుకాణములో బాకీ తీరలేదు, కోడలి కాగు తెచ్చుకొన్న నగ ఇంకను తాకట్టులోనే యున్నది, ఇట్టి వేళ ఈ తిరుగుడెందుకు?

ఆ గొంతునకు సమాధానము ముందుగా అతని చేనే చెప్పగలదు. వేసవిలో నల్లరేగడి ఖాళీగా నున్నదని ఎవ్వరును దానిని సోమరి యనరు. దున్ని వదలిన నేల ఎండకు కాగి, నెర్రెలు విచ్చి, తొలకరి నీటిని లోతుకు పట్టుకొనును. విరామము నేల చేయు పనిలో ఒక భాగము. కర్ణాటకమునను, తెలుగునాట కొన్ని పల్లెలయందును సోమవారమునాడు ఎద్దు మెడపై కాడి మోపని ఆచారము కలదు. బసవడను మాటకే వృషభమని అర్థము. నోరులేని జీవమునకు వారమున కొకనాడు విశ్రాంతి నియమించిన సమాజము, మనిషి విశ్రమించుటను పాపమని తలచినదనుకొనుట పొరపాటు.

లోకమున ఇతరులును ఈ ప్రశ్నను ఎదుర్కొనియున్నారు. యుద్ధము శాంతికొరకైనట్లు పని తీరికకొరకే యని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ వాదించెను. తీరిక యను అర్థముగల "స్కోలే" అను గ్రీకు పదమునుండియే స్కూలు అను మాట పుట్టినది. ఊరకుండుటకు వీలుగలవాడే చదువుకొనగలడని ఆనాటి తలపు. అయితే ఆ గ్రీకుల తీరిక బానిసల శ్రమపై నిలిచిన తీరిక యని మరువరాదు. మన దేశమున బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు ఊరక లభింపలేదు. నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున వారు పోరాడగా 1890లో అది చేకూరినది. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవహక్కుల పత్రములోని 24వ అధికరణము విశ్రాంతిని, తీరికను ప్రతి మనిషి హక్కుగా పేర్కొన్నది. ఆ ఏటనే వచ్చిన మన ఫ్యాక్టరీల చట్టమును కార్మికునకు వారమున కొక దినము సెలవును విధించినది. చేనిలో పనిచేయువానికి, కడలిపై పనిచేయువానికి మాత్రము అట్టి దినమును ఏ చట్టమును వ్రాసియియ్యలేదు.

ఇంతవరకు విచారము సులభముగా సాగినది. విశ్రాంతి తప్పు కాదు. కాని దీనితో ప్రశ్న తీరలేదు. వాస్తవమునకు ఇచ్చటనే మొదలగుచున్నది. తప్పు విశ్రమించుటలో లేనప్పుడు, ఎవరి నేలపై, ఎవరి శ్రమపై, ఎవరిని మరచి విశ్రమించుచున్నామన్నదే అసలు ప్రశ్న.

వలవద్ద

ఒడ్డున పడవలన్నియు ఇసుకపైకి లాగబడియుండెను. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున యాంత్రిక, మోటారు పడవలతో చేపలవేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమందు వానిని విడిచిపెట్టుటకై ఈ నియమము. ఒక పడవ నీడలో వయసు మళ్ళిన పల్లెకారు ఒకడు వల బాగుచేసికొనుచుండెను. పక్కనే తాటాకులపై ఎండుచేపలు పరచియుండెను. మనుమడు ముక్కు మూసికొనెను.

"తాతయ్యా, ఈ వాసన భరించలేను. ఇటు వెళ్దాం రండి."

ఆ మాట పల్లెకారు చెవినిబడెను. అతడు తల యెత్తలేదు. చేతిలోని సూదియు ఆగలేదు.

"ఎండుచేపల వాసన బాబూ. మీదేవూరు?"

పిల్లవాడు ఊరి పేరు చెప్పెను.

"మిరపకాయల ఊరా! మీ కల్లం పక్కగా పోతే మాకూ తుమ్ములు ఆగవు. ఎవరి పంట ఘాటు వాళ్లది."

తాతకు మొగము చెల్లలేదు. మాంసాహారము ముట్టని ఇంటిలో పెరిగిన పిల్లవానికి ఆ వాసన వెగటగుట సహజము. అందు దోషము లేదు. కాని ముక్కు మూసికొనిన చేయి వాసననే గాక మనిషిని కూడ తోసివేయును. తాత మనుమని చేయి దించి, ఇసుకలో చతికిలబడెను.

"ఏమనుకోకు అన్నా, చిన్నవాడు. మీకూ ఇప్పుడు సెలవులేనా?"

"సెలవు సముద్రానికండీ. మాకు ఆపు."

ఒక్క మాటలో అతడు చెప్పినదానిని విస్తరించినచో ఒక శాస్త్రమగును. సెలవనగా ఇంట బియ్యముండగా పని మానుట. ఆపనగా ఇంట బియ్యమున్నను లేకున్నను పని మానవలసివచ్చుట. ఈ నిషేధ కాలమునకై ప్రభుత్వము అర్హతగల మత్స్యకార కుటుంబములకు ఇచ్చు భృతి 2019లో 10,000 రూపాయలుగా నుండి, 2025లో 20,000 రూపాయలైనది. రెండు నెలల కాపురమునకు, వలల మరమ్మతునకు, పడవపై చేసిన అప్పు వడ్డీకి అది ఏపాటిదో రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. అయినను ఆ వృద్ధుడు నియమమును దూషింపలేదు.

"మేం ఆగకపోతే అది ఆగిపోద్ది. మా నాయన నాటికి ఇన్ని మోటార్లు లేవు, ఈ ఆపూ లేదు. ఇప్పుడు ఆగాల్సిందే."

ఇది వినిన తాతకు తన బోరుబావి జ్ఞప్తికి వచ్చినదన్నచో ఆశ్చర్యము లేదు. ఏడాదికేడాది లోతునకు దిగుచున్న నీటిని గూర్చి ఈ మాటను తన ఊరిలో ఎవ్వరును అనలేదు. మితిమీరి లాగుకొనుటకు తనకు తానే హద్దు పెట్టుకొనుట గొప్ప నిగ్రహము. అది చట్టము వలన వచ్చినను, మనస్సు దానిని ఒప్పుకొన్ననాడు ధర్మమగును.

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము ప్రసిద్ధము. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు అలవాటునకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు, ఆశ యెక్కువైనదని భర్తను మందలించి, అదనపు బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. ఈ వృత్తాంతమును సాధారణముగా అత్యాశను ఖండించుటకు చెప్పుదురు. అది నిజమే. కాని ఇందు మరియొక అర్థము గూడ నున్నది. "చాలు" అనగలిగినవానికే విశ్రాంతి లభించును. చాలుననుట యెరుగనివాడు ఇసుకలో కూర్చున్నను, పడకపై పండుకొన్నను పనిలోనే యుండును. అది కాయకము కాదు, కాతాళము. అదేవిధముగ, మితిమీరిన రాబడికై పరుగెత్తుటకును, పనిని పూజగా చేయుటకును గల భేదము చేతులలో కనబడదు, ఆగగలుగుటలో కనబడును.

చేపలను పట్టుట హింస కాదా యని మనుమడు అటుపిమ్మట అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. ఆహారనియమము పాటించు ఇంటివారు దానిని విడువనక్కరలేదు. కాని మిరపచేనిపై ఒక్క పంటకాలమున ఎన్నిసార్లు మందు చల్లుదురో, దానివలన పురుగుతోపాటు ఎన్ని తేనెటీగలు, వానపాములు నశించునో తలచినచో, తన చేయి నిర్దోషమని రైతు చెప్పజాలడు. బ్రదుకుట కొంత హింసతో కూడినది. దానిని తగ్గించుకొనుట ధర్మము. తన హింస కనబడదు గనుక ఎదుటివానిని తక్కువ చేయుట అధర్మము. అనుభవమంటపమున చేరిన శరణులలో అంబిగర చౌడయ్య పడవ నడపువాడు. చాకలి, చెప్పులు కుట్టువాడు, త్రాడు పేనువాడు, పడవవాడు ఒకే మంటపమున కూర్చుండి తత్త్వమును చర్చించిరని గర్వముతో చెప్పుకొనువారు, సముద్రపుటొడ్డున నిజమైన పడవవాడు ఎదురైనప్పుడు ముక్కు మూసికొన్నచో, ఆ గర్వమునకు అర్థమేమి?

వలవద్ద మాటలు ముగియుచుండగా పల్లెకారు మరియొక ప్రశ్న వేసెను.

"అమ్మగారు రాలేదా సముద్రం చూడ్డానికి?"

"గదిలో ఉంది. వంట. కోడలూ అక్కడే."

"అంతేలెండి. మా ఆడవాళ్లకు ఈ ఆపు కూడా లేదు. జీడితోటలకో, వేరుశనగ పనికో కూలికి పోతున్నారు."

ఇద్దరు ముసలివారును కొంతసేపు మాటలాడలేదు.

ఇంటిలోని ఒడ్డు

తాత బసకు తిరిగివచ్చునప్పటికి ఎండ యెక్కెను. ఇంటినుండి తెచ్చిన కిరసనాయిలు పొయ్యిపై అన్నము ఉడుకుచుండెను. అతని భార్య చెమటతో పచ్చడి నూరుచుండెను. కోడలు పిల్లవాని బట్టలు ఉతుకుచుండెను. వారిద్దరును క్రిందటి సాయంకాలము పది నిమిషములు సముద్రమును చూచి, చీకటి పడునని వంటకై తిరిగివచ్చినవారే. ఆ ఇంట మిరప కోతలో వంగిన నడుము ఆమెదే. కల్లములో తాలుకాయ ఏరినది ఆమెయే. కూలీలకు మజ్జిగ మోసినది కోడలే. సెలవునకు బయలుదేరుటయనగా వారికి పొయ్యి మారుట మాత్రమే యైనది.

విచారణలో అందరికంటె కఠినమైన చోటు ఇదియే. దూరముననున్న కూలివాని శ్రమను గూర్చి బాధపడుట సులభము. దానికి వెంటనే చేయవలసినదేమియు లేదు. మన పక్కనే యున్నవారి శ్రమను చూచుట కష్టము, చూచినచో లేవవలసివచ్చును. శరణులు స్త్రీపురుష భేదము పాటింపలేదని వేదికలపై చెప్పుదురు. అక్కమహాదేవి, లక్కమ్మ, నీలాంబిక పేర్లు పలుకుదురు. దాసోహము జరుగు ప్రతి ఇంటను అందరును తినిన పిమ్మట తినునది, అందరును పండుకొనిన పిమ్మట పండుకొనునది ఎవరని అడిగినచో, ఆ పేర్లు పలికిన నోరు మూతపడును. ఇతరులకు పెట్టుట గొప్ప ధర్మము. అయితే ఎన్నడును విశ్రమింపని ఒక మనిషి చేతులమీదుగా జరుగు దాసోహమున, పుణ్యము ఎవరి ఖాతాలో పడునో ఆలోచింపవలెను.

తాత ఆనాడు ఉపన్యాసమేమియు చేయలేదు. మరునాటి ఉదయము తానును కొడుకును పొయ్యి దగ్గర కూర్చుండిరి. అన్నము కొంత మాడినది. పప్పులో ఉప్పు ఎక్కువైనది. అత్తాకోడండ్రు ఇద్దరును చేతులూపుకొనుచు సరుగుడు తోట దాటి పోయిరి. మధ్యాహ్నము తిరిగివచ్చిన ఆమెను "ఏం చూశావు?" అని భర్త యడుగగా, "ఏముంది చూడ్డానికి? నీళ్లు" అనెను. కాని ఆ మూడు గంటలలో ఆమె ఒక్కసారియైనను ఇంటి మాట తలపెట్టలేదని కోడలు చెప్పెను. ఇంతకు మించిన విశ్రాంతి మరేమి కలదు?

మోటుపల్లి స్తంభము

సూర్యలంకకు దక్షిణముగా తీరము వెంబడి పోగా, చీరాల దాటిన పిమ్మట, చినగంజాము సమీపమున మోటుపల్లి యను పల్లె కలదు. నేడు అచ్చట రేవు లేదు. కాని కాకతీయుల కాలమున అది విదేశములనుండి ఓడలు వచ్చు ప్రసిద్ధమైన రేవుపట్టణము. వెనిస్ యాత్రికుడు మార్కోపోలో పదమూడవ శతాబ్దపు చివర దీనిని ముట్‌ఫిలి యను పేర పేర్కొని, ఇచ్చటి వజ్రములను, సాలెగూటి పోగువంటి సన్నని వస్త్రములను, రాజ్యమేలు రాణిని గూర్చి వ్రాసెను. ఆ రాణి రుద్రమదేవి యని చరిత్రకారుల అభిప్రాయము.

ఈ పల్లెలోని వీరభద్రస్వామి ఆలయమున ఒక శిలాస్తంభము కలదు. అందున్నది గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయశాసనము. శకవర్షము 1166, అనగా క్రీ.శ. 1244–45 నాటిది. సముద్రపుటొడ్డుకు పోవు ప్రతివాడును తెలిసికొనవలసిన సంగతి ఇందు గలదు. పూర్వము తుఫానునకు చిక్కి ఓడ పగిలి తీరమునకు కొట్టుకొనివచ్చినచో, అందలి బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు సమస్తమును ఆ తీరమునేలు రాజులు బలవంతముగా గైకొనెడివారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించెను. ప్రాణముకంటెను ధనము మనుష్యులకు ప్రియమైనదని, అంత సాహసించి సముద్రము దాటివచ్చినవారిపై దయ చూపుట కీర్తికిని ధర్మమునకును తగినదని తలచి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని అభయమిచ్చెను. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. తరువాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డియు ఇదే రేవున వర్తకులకు సౌకర్యములు కల్పించుచు శాసనము వేయించెను.

ఈ శాసనమునందు దాగియున్న నీతి రాజులకే పరిమితమైనది కాదు. ఒడ్డు అనునది ఎట్టి స్థలము? కాలు నిలిచినవాడును, కాలు నిలువనివాడును ఎదురెదురుపడు స్థలము. తుఫానులో కొట్టుకొనివచ్చినవాడు ఏ ధరయైనను ఒప్పుకొనును, ఏ మాటకైనను తలయూపును. ఒడ్డున నిలిచినవానికి అప్పుడు బలప్రయోగముకూడ అక్కరలేదు. చేయి చాపినచో చాలును. పూర్వపు రాజులు ఆ చేతిని తీసికొనుటకు చాపిరి. గణపతిదేవుడు దానినే అభయహస్తముగా మార్చెను. చేయి ఒక్కటే, అరచేయి ఏ వైపునకు తిరిగినదన్నదే ధర్మాధర్మముల భేదము.

ఒడ్డు ఎన్నడును స్థిరము కాదు. 1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు గుంటూరు జిల్లా తీరమును నష్టపోయెను. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరపు పల్లెలను తాకెను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. నాడు పడవలే కాదు, లోపలి ఊళ్ళలో వరిచేలు, మిరపతోటలును దెబ్బతినెను. నేడు ఒడ్డున నిలిచి సముద్రము అందమును చూచు రైతు, రేపు తన చేనిలోనే కొట్టుకొనిపోవువాడు కావచ్చును. అప్పుడతనికి వడ్డీవ్యాపారియో, దళారియో ఒడ్డున నిలిచినవాడగును. కల్లములోని కాయ తడిసినప్పుడు సగము ధరకడుగువాడు, పగిలిన ఓడను దోచుకొనిన పూర్వపు రాజుకంటె ఏ విధమున భిన్నుడు? అట్లే, కర్నూలు సీమలో వానలు లేక పిల్లలతోసహా వలసవచ్చిన కూలివారికి, అవసరము కనిపెట్టి కూలి తగ్గించి కట్టు రైతు ఏ ఒడ్డున నిలిచియున్నట్లు?

ఒక ఆక్షేపము

ఇచ్చట ఒకరు అడుగవచ్చును: "ఏడాదికొకసారి రెండు దినములు ఊపిరి పీల్చుకొనుటకు పోయినవానిపై ఇంత బరువు మోపవలెనా? సముద్రమును చూచుచు కూలివానిని, పల్లెకారును, కాకతీయ చక్రవర్తిని తలచుకొనుచు కూర్చున్నచో అది విశ్రాంతి యెట్లగును?"

ఆక్షేపము సబబైనదే. తీరికలో కూడ తనను తాను తూకము వేసికొనుచు కూర్చుండుట ఒక విధమైన జబ్బు. దానివలన పల్లెకారుకు ఒక్క చేపయు అదనముగా పడదు, కూలివానికి ఒక్క రూపాయియు పెరుగదు. అపరాధభావము దయకాదు, పెక్కుసార్లు అది దయకు బదులుగా చెల్లింపబడు చవుక నాణెము. కనుక కోరబడునది బాధపడుట కాదు, చూచుట. ఎదుట ఉన్నదానిని ఉన్నట్లు చూచినచో, చేయవలసినది చాల చిన్నదిగానే యుండును. వల ఆరవేసిన చోటును త్రొక్కకుండ చుట్టు తిరిగి పోవుట. టీ కాచియిచ్చిన మనిషిని "నువ్వు" అనకుండుట. తెచ్చిన పొట్లముల కాగితములను, ప్లాస్టిక్ సంచులను తిరిగి తీసికొనిపోవుట. శీతకాలమున ఆ ఇసుకలోనికే తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకు వచ్చునని పిల్లలకు చెప్పుట. లోతునకు పోవలదని ఒడ్డున నున్నవారు హెచ్చరించినప్పుడు యౌవనగర్వముతో నవ్వకుండుట. ఏలయన, మునుగువానిని కాపాడుటకు ముందుగా దూకునది, నిన్న ఎవరిని చూచి ముక్కు మూసికొంటిమో ఆ మనిషియే. వెంటవచ్చిన ఆడువారికి సముద్రము చేరువరకు దారి విడుచుట. వీనిలో ఏదియు విశ్రాంతిని చెడగొట్టదు. పైగా, ఎవరికిని బాకీపడలేదన్న నెమ్మది యున్నచోటనే మనస్సు నిజముగా ఊరకుండగలదు.

ఆంగ్ల తత్త్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ 1932లో సోమరితనమును స్తుతించుచు ఒక వ్యాసము వ్రాసెను. పనియే పరమ సద్గుణమను నమ్మకమును ఇతరులచేత పని చేయించుకొనువారే ఎక్కువగా బోధించిరని, పనిని అందరును పంచుకొన్నచో అందరికిని తీరిక దొరకునని ఆయన వాదము. శరణుల మార్గము వేరుదారిన వచ్చి దాదాపు ఇదే చోటికి చేరినది. అందరును కాయకము చేయవలెనన్నచో, ఒకడు కూర్చుండి మరొకడు మోయుట అంతమగును. అట్లంతమైననాడు ప్రతివాని వంతునకు కొంత శ్రమయు, కొంత విరామమును వచ్చును. కాయకమునకు శత్రువు విశ్రాంతి కాదు. పరుల వీపుపై కూర్చుండుట.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము ఇట్లు చెప్పుకొనవచ్చును. పనిలేని ఉదయమున ఇసుకలో కూర్చుండుట తప్పు కాదు. పనిచేసినవానికి అది న్యాయముగా రావలసినది. ఆ న్యాయము తనతోపాటు పక్కవానికిని రావలెనని కోరుట ధర్మము. పక్కనున్నది తన ఇంటి మనిషియే యైనప్పుడు, కోరుటతో ఆగక తానే లేచి పొయ్యి వెలిగించుట ధర్మాచరణము.

ఆ కుటుంబము మూడవనాడు బయలుదేరెను. బాపట్ల బస్సునకై నిలిచియుండగా మనుమడు మరల పడవల దగ్గరకు పరుగెత్తిపోయి, కొంతసేపటికి తిరిగివచ్చెను.

"ఎక్కడికి పోయావురా?" అని నాయనమ్మ అడిగెను.

"ఆ తాతకు చెప్పి వచ్చా, నాయనమ్మా. జూన్ 14 అర్ధరాత్రి దాటగానే పడవలన్నీ ఒక్కసారే కదులుతాయంట. చూడ్డానికి రమ్మన్నాడు."

"అప్పుడెట్లా వస్తాం? ఏరువాక దగ్గరపడుతుందిగా" అనెను తాత.

బస్సు వచ్చినది. ఇంకొక నెలకు ఆ వృద్ధుడు పడవను నీటిలోనికి నెట్టును. ఇతడు అరకను చేనిలోనికి తోలును. అంతవరకు సముద్రమును, నేలయు, వానిని నమ్ముకొన్నవారును కొంత ఊపిరి పీల్చుకొందురు గాక.